జైల్లో ఏం జరుగుతోందో జైలు శాఖ ఒక్కటే చెబితే సరిపోదు

2022లో దేశంలోని జైళ్లలో 1,995 మంది ఖైదీలు చనిపోయారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ప్రకారం వీటిలో 1,773 సహజ మరణాలు, 159 అసహజ మరణాలు. మిగతావాటికి కారణం అప్పటికింకా తేలలేదు. జబ్బు చేసి పోయినవాళ్లంతా సహజ మరణాల్లోకే వస్తారు. వయసు మీదపడి కన్నుమూసిన ముసలాయనా అందులోనే, ఛాతీలో నొప్పి అని వారం రోజులు మొత్తుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కులేక పోయిన కుర్రాడూ అందులోనే. 2017 సెప్టెంబర్ 15న జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఇదే అడిగింది. సరైన వైద్యం అందకో, సమయానికి అందకో ఖైదీ చనిపోతే దాన్ని సహజ మరణం అనాలా, అసహజ మరణం అనాలా అని.

ఎన్‌సీఆర్‌బీ పట్టికలో దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే ఆ పట్టికకు వివరాలు పంపేది జైలు యంత్రాంగమే. ఖైదీ ఎప్పుడు నొప్పి అన్నాడు, ఎవరితో అన్నాడు, డాక్టర్ చూశాడా, చూస్తే ఆస్పత్రికి రాశాడా, రాస్తే ఎన్ని రోజులకు తీసుకెళ్లారు అన్నవి తెలియాలంటే చావుకు ముందే జైల్లోకి వెళ్లి చూసేవాళ్లు ఉండాలి. వాళ్లు జైలు శాఖ మనుషులు అయి ఉండకూడదు.

మన దగ్గర చావు తర్వాత చూసే ఏర్పాట్లు కొంత ఉన్నాయి. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో తమకు తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశాలిచ్చింది. కస్టడీ మరణంపై జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరపాలని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 176(1ఎ) సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది ఇప్పుడు 196వ సెక్షన్‌లో ఉంది. ఇవి అవసరమే. కానీ ఇవన్నీ మనిషి పోయాక మొదలయ్యే పనులు. బతికున్నప్పుడు తలుపు తట్టి చూసే ఏర్పాటు సంగతి వేరు, అక్కడే మన వ్యవస్థ కాగితం మీద నిండుగానూ నేల మీద ఖాళీగానూ ఉంది.

కాగితం మీద ఏముందో ముందు చూద్దాం. బ్రిటిష్ వాళ్లు చేసిన 1894 జైళ్ల చట్టంలోనే విజిటర్లను నియమించడానికి నియమాలు చేసుకోవచ్చని ఉంది. కేంద్రం 2016లో తెచ్చిన మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రతి జైలుకూ ఒక బోర్డ్ ఆఫ్ విజిటర్స్ ఉండాలంది. జిల్లా జడ్జి, కలెక్టర్, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి, విద్య, సాంఘిక సంక్షేమం లాంటి శాఖల అధికారులు ఒకవైపు, ఎమ్మెల్యేలు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ప్రతినిధి, సామాజిక కార్యకర్తలు ఇంకోవైపు. ఈ రెండో రకం వాళ్లను నాన్ అఫీషియల్ విజిటర్లు అంటారు. వాళ్లలో మహిళలు ఉండాలని కూడా రాశారు. పైన చెప్పిన 2017 తీర్పులోనే సుప్రీంకోర్టు ఈ బోర్డులను నవంబర్ 30 లోపు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు గడువు పెట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, కస్టడీ హింసపై నడిచిన డి.కె. బసు కేసులో, జైళ్లకూ పోలీస్ స్టేషన్లకూ ఆకస్మికంగా వెళ్లే నాన్ అఫీషియల్ విజిటర్లను పెట్టే విషయం ఆలోచించమని కూడా చెప్పింది.

ఇంకా వెనక్కి వెళితే 1979 డిసెంబర్ నాటి సునీల్ బత్రా రెండో తీర్పు ఉంది. తిహార్ జైల్లో ఒక ఖైదీని హెడ్ వార్డర్ హింసించాడని ఇంకో ఖైదీ, అంటే సునీల్ బత్రా, సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలి, అవి జైలు అధికారుల అజమాయిషీలో కాకుండా జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో ఉండాలి, కోర్టులు నియమించిన లాయర్లకు ఖైదీలతో రహస్యంగా మాట్లాడే వీలుండాలి అని అందులో ఉంది. అంటే ఈ ఆలోచన విదేశాల నుంచి నిన్నో మొన్నో దిగుమతి అయింది కాదు. నలభై ఏళ్లు దాటినా అది సరిగా అమలు కాలేదు, అంతే.

ఎందుకు కాలేదంటే, బోర్డులో ఉన్న వాళ్లను ఒక్కసారి ఖైదీ కళ్లతో చూస్తే కొంత తెలుస్తుంది. అరెస్టు చేసిన పోలీసులకు పై అధికారి ఎస్పీ. రిమాండ్ చేసిన మేజిస్ట్రేట్‌కు పై అధికారి జిల్లా జడ్జి. వీళ్లంతా చెడ్డవాళ్లని కాదు, చాలామంది చిత్తశుద్ధితోనే వస్తారు. కానీ కలెక్టర్‌కు ఉన్న వంద పనుల్లో జైలు తనిఖీ నూట ఒకటోది. వస్తున్నారని ముందే కబురు అందుతుంది, బ్యారక్‌లు కడుగుతారు, వంట ఆ రోజు బాగుంటుంది. సూపరింటెండెంట్, జైలర్, ఇద్దరు ముగ్గురు వార్డర్లు వెంట నడుస్తుండగా, వరసగా నిలబడ్డ ఖైదీలను "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగితే ఎవరు నోరు తెరుస్తారు? విజిటర్ కారు గేటు దాటుతుంది. సాయంత్రం లాకప్ అయ్యాక ఆ వార్డరూ ఆ ఖైదీ మాత్రమే మిగులుతారు. భోజనం, ములాఖత్, ఉత్తరం, ఆస్పత్రి, మంచి బ్యారక్, అన్నీ ఆ వార్డర్ చేతిలోనో అతని మాట మీదో ఉంటాయి. ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోని తనిఖీకి పెద్దగా విలువ లేదు.

ఖైదీలను ఎలా చూడాలన్న దానిపై 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకునే రాశారు. జైలు శాఖ సొంత తనిఖీ ఒకటి, దానితో సంబంధం లేని బయటి సంస్థ తనిఖీ ఇంకొకటి, రెండూ ఉండాలని 83వ నియమం. ఏ జైలుకు వెళ్లాలో బయటి బృందమే ఎంచుకోవాలి, చెప్పకుండా వెళ్లవచ్చు, రికార్డులన్నీ చూడవచ్చు, ఖైదీతో ఏకాంతంగా మాట్లాడవచ్చు అని 84వ నియమం. బృందంలో వైద్యం తెలిసినవాళ్లు ఉండాలి. బయటి సమాజంలో దొరికే స్థాయి వైద్యమే లోపలా దొరకాలని 24వ నియమం చెబుతుంది. జైలుశిక్ష అంటే స్వేచ్ఛ పోవడం. షుగర్ మాత్ర పోవడం శిక్షలో భాగం కాదు.

ఇది నడిచే తీరు చూడాలంటే, మన 1894 చట్టం ఏ దేశపు ఆలోచన నుంచి వచ్చిందో ఆ దేశానికే వెళ్లడం మంచిది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రతి జైలుకూ ఒక ఇండిపెండెంట్ మానిటరింగ్ బోర్డు చట్టం ప్రకారం ఉండి తీరాలి. సభ్యులు జీతం లేని మామూలు పౌరులు. రిటైరైన టీచర్ కావచ్చు, నర్సు కావచ్చు, షాపు నడిపే ఆయన కావచ్చు. వాళ్లకు జైలు తాళాలు ఇస్తారు. ఎవరూ వెంట రాకుండా ఏ విభాగానికైనా వెళ్లి ఏ ఖైదీతోనైనా మాట్లాడవచ్చు. ఖైదీలు తమ సమస్య రాసి వేయడానికి బోర్డు పెట్టెలు ఉంటాయి. ఏటా భద్రత, వైద్యం, ఖైదీలను చూసే తీరు, గదుల పరిస్థితి మీద రిపోర్టు రాసి, మంత్రి చేయాల్సింది ఇది, జైళ్ల శాఖ చేయాల్సింది ఇది, ఈ జైలు గవర్నర్ (అక్కడ జైలు అధిపతిని అలా అంటారు) చేయాల్సింది ఇది అని విడివిడిగా అడుగుతారు. ఆ రిపోర్టు ఎవరైనా చదువుకునేలా బయట పెడతారు.

ఈ బోర్డులు మొదటి నుంచీ ఇలా లేవు. ఒకప్పుడు వీటి పేరు కూడా బోర్డ్ ఆఫ్ విజిటర్సే, మన మాన్యువల్లో ఉన్న పేరే. జైల్లో తప్పు చేసిన ఖైదీలకు శిక్షలు వేసే అధికారం కూడా వీటికే ఉండేది. ఫిర్యాదు వినేదీ శిక్ష వేసేదీ ఒకే మనుషులైతే ఖైదీ వాళ్లను నమ్మడు కదా. 1990 ఏప్రిల్ 1న మాంచెస్టర్‌లోని స్ట్రేంజ్‌వేస్ జైల్లో మొదలైన తిరుగుబాటు 25 రోజులు సాగింది. ఖైదీలు జైలు పైకప్పు ఎక్కి కూర్చున్న దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. దానిపై విచారణ చేసిన లార్డ్ వూల్ఫ్ నివేదిక తర్వాత, 1992లో, ఆ శిక్షలు వేసే అధికారం తీసేశారు. ఇప్పటి పేరు 2003లో వచ్చింది. మన బోర్డుల్లో ఎస్పీ ఎందుకు ఉండకూడదో చెప్పడానికి ఈ చరిత్ర కంటే వేరే వాదన అక్కర్లేదు.

వీటికి తోడు అక్కడ జైళ్ల చీఫ్ ఇన్‌స్పెక్టర్ అని వేరే వ్యవస్థ ఉంది. వృత్తిగా తనిఖీ చేసే బృందం ఎక్కువగా చెప్పాపెట్టకుండా వస్తుంది. పరిస్థితి మరీ ఘోరంగా ఉంటే 2017 నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టారు. చీఫ్ ఇన్‌స్పెక్టర్ మంత్రికి బహిరంగ లేఖ రాస్తాడు, మంత్రి 28 రోజుల్లో ఏం చేయబోతున్నాడో బహిరంగంగానే జవాబివ్వాలి. 2018 జనవరిలో నాటింగ్‌హామ్ జైలుతో ఇది మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో బర్మింగ్‌హామ్ జైలును జీ4ఎస్ అనే ప్రైవేటు కంపెనీ చేతిలోంచి ప్రభుత్వం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అక్కడ అంతా బాగుందని మాత్రం అనుకోకూడదు. లండన్‌లోని వాండ్స్‌వర్త్ 1851లో కట్టిన జైలు. ఒకరి కోసం కట్టిన గదుల్లో ఇద్దరేసి ఖైదీలు, చాలని సిబ్బంది, ఆత్మహత్యలు. 2024 మేలో దానికీ ఇలాంటి లేఖే వెళ్లింది. అంతకు ముందే అక్కడి బోర్డు ఏళ్ల తరబడి అదే మాట రిపోర్టుల్లో రాస్తూ వచ్చింది. అంటే చూసి రాసినంత మాత్రాన జైలు బాగుపడదు. డబ్బు, సిబ్బంది, ఖైదీల సంఖ్య తగ్గించే నిర్ణయం, ఇవి ప్రభుత్వం చేయాలి. అయితే ఒక తేడా ఉంది. అక్కడ ఎవరైనా ఆ రిపోర్టులు తెరిచి ఈ మంత్రికి ఫలానా ఏడాది నుంచి తెలుసు అని చూపించగలరు. ఇక్కడ "మా దృష్టికి రాలేదు" అనే మాటతో అందరూ తప్పించుకోగలరు.

ఇలాంటి కన్ను లేకపోతే చిన్న విషయాలు ఎంత పెద్దవవుతాయో ఆదివాసీ హక్కుల కోసం పనిచేసిన క్రైస్తవ ఫాదర్ స్టాన్ స్వామి ఉదంతం చూపించింది. 83 ఏళ్ల మనిషి, పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణుకుతాయి, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగలేడు. 2020 అక్టోబర్‌లో అరెస్టయి ముంబై దగ్గరి తలోజా జైలుకు వెళ్లాక, స్ట్రా, సిప్పర్ కప్పు కావాలని కోర్టులో అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. జవాబివ్వడానికి, కేసు దర్యాప్తు చేస్తున్న జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) 20 రోజుల గడువు అడిగింది. జైల్లో వారానికోసారి తిరిగే బయటి సభ్యుడు ఒక్కరుంటే అది ఆ సాయంత్రం తేలిపోయే విషయం. ఆయన 2021 జులై 5న, బెయిల్ విచారణలో ఉండగానే, ముంబైలో ఆస్పత్రిలో చనిపోయారు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణలున్నాయి. వరవరరావు అదే తలోజా జైల్లో ఉండగా, ఫోన్లో ఆయన మాట తడబడుతోందని కుటుంబం గుర్తించి గొడవ చేస్తే గానీ పరిస్థితి బయటికి రాలేదు. 2020 జులైలో కోవిడ్ అని తేలింది, 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆరోగ్య కారణాలతో బెయిలిచ్చింది. అమలాపురం నుంచి వచ్చిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 90 శాతం వైకల్యంతో, వీల్‌చెయిర్‌లో, నాగపూర్ జైలు అండా సెల్‌లో, అంటే గుడ్డు ఆకారపు ఒంటరి గదిలో, ఏళ్లు గడిపారు. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు నిర్దోషి అని చెప్పింది, అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. వీళ్ల రాజకీయాలతో ఏకీభవించాలా వద్దా అన్నది ఇక్కడ విషయమే కాదు. వీళ్లకు లాయర్లున్నారు, రాసే పత్రికలున్నాయి, ఊరుకోని కుటుంబాలున్నాయి. అయినా ఇంత కష్టమైంది. దొంగతనం కేసులో రిమాండ్‌కు వెళ్లి, జామీను ఇచ్చే మనిషి లేక నెలల తరబడి లోపలే ఉండిపోయిన కూలీ మాట ఎవరికి వినపడుతుంది? 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇలా విచారణ పూర్తికాని వాళ్లే. అప్పటికి జైళ్లు 4.36 లక్షల మందికి సరిపోయేవి, ఉన్నది 5.73 లక్షలు.

2023 సెప్టెంబర్, అక్టోబర్‌లలో రాజమండ్రి సెంట్రల్ జైలు సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. చంద్రబాబు నాయుడు రిమాండ్‌లో ఉన్నప్పుడు ఆయన ఆరోగ్యంపై జైలు అధికారులు బులెటిన్లు ఇచ్చారు, ప్రభుత్వ డాక్టర్లు వచ్చి చూశారు, ఎండ వేడికి చర్మ సమస్య అంటే బ్యారక్‌లో ఏసీ పెట్టమని ఏసీబీ కోర్టు చెప్పింది. అది తప్పేం కాదు, రిమాండ్‌లో ఉన్న పెద్ద వయసు మనిషికి అందాల్సిందే. కానీ ఆ రెండు నెలల్లో అదే జైల్లో, అదే ఉక్కపోతలో ఉన్న మిగతా ఖైదీల చర్మం సంగతి ఒక్క బులెటిన్‌లోనూ లేదు. బయటి చూపు పడితే జైలు వ్యవస్థ ఎంత చురుగ్గా కదలగలదో ఆ రోజుల్లో అందరం చూశాం. ఆ చూపు ఎవరో ఒకరి హోదాను బట్టి పడకుండా, ప్రతి బ్యారక్ మీదా వారం వారం పడాలన్నదే ఇక్కడి వాదన.

మరి లోపలికి వెళ్లిన మనిషి ఏం చూడాలి? గోడలకు సున్నం వేశారా, తోట బాగుందా అన్నవి కాదు. అన్నిటికంటే ముందు ఆస్పత్రి రిజిస్టర్. జైలు డాక్టర్ పెద్దాసుపత్రికి రాసిన ఖైదీ ఎవరు, ఏ తేదీన రాశాడు, ఏ తేదీన తీసుకెళ్లారు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ జైల్లో వైద్యం ఎలా ఉందో చాలావరకు అర్థమవుతుంది. చాలాసార్లు డాక్టర్ రాస్తాడు, జైలు అధికారులు కూడా ఒప్పుకుంటారు, కానీ ఎస్కార్ట్ దొరకదు. ఖైదీని బయటికి తీసుకెళ్లాలంటే సాయుధ పోలీసులు కావాలి. ఎన్నికలో, నిమజ్జనమో, వీఐపీ పర్యటనో ఉందంటే వాళ్లంతా బందోబస్తుకు వెళ్లిపోతారు. స్కానింగ్ తేదీ దాటిపోతుంది, కొత్త తేదీ ఇంకో నెలకు వస్తుంది. ఈలోగా గడ్డ పెరుగుతుంది. ఇందులో ఏ ఒక్కరి దుర్మార్గమూ లేదు, అందుకే ఎవరూ బాధ్యులు కారు. ఎస్కార్ట్ లేక ఆగిపోయిన ఆస్పత్రి ప్రయాణాలు ఎన్నో నెలనెలా బయటికి చెప్పాల్సి వస్తే ఎస్పీ ఆఫీసులో కదలిక దానంతటదే వస్తుంది.

ఆ తర్వాత మందులు. షుగర్, బీపీ, ఫిట్స్, హెచ్‌ఐవీ, టీబీ, మానసిక జబ్బులు ఉన్నవాళ్లు బయట వాడుతున్న మందు జైల్లోకి వచ్చిన రోజు నుంచి ఆగకుండా అందిందా? అరెస్టయిన మొదటి వారం చాలా ప్రమాదం. మందు తప్పుతుంది, తాగుడు అలవాటున్నవాళ్లకు ఒక్కసారిగా మానడం వల్ల వణుకు, భ్రమలు వస్తాయి, పరువు పోయిందన్న దిగులుతో ఆత్మహత్య ఆలోచనలు వస్తాయి. 2022 నాటి 159 అసహజ మరణాల్లో 119 ఆత్మహత్యలే. కొత్తగా వచ్చినవాళ్లను మొదటి రాత్రి ఎక్కడ పడుకోబెట్టారు, డాక్టర్ ఎన్ని గంటల్లో చూశాడు, ఎవరైనా కూర్చుని మాట్లాడారా అని అడగాలి. రాత్రి లాకప్ అయ్యాక ఎవరికైనా గుండెనొప్పి వస్తే తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, తెరవడానికి ఎంతసేపు పడుతుంది అన్నది ఒకసారి నిజంగా చేసి చూడాలి.

వంటగదిలో రుచి చూసి బాగుంది అనడం తేలిక. స్టోర్ నుంచి ఆ రోజు ఎంత పప్పు, ఎన్ని గుడ్లు ఇచ్చారు, బ్యారక్‌లో ఎంతమంది తిన్నారు అని లెక్క సరిచూడటం కష్టం, చేయాల్సింది అదే. ముంబై బైకుల్లా మహిళా జైల్లో 2017 జూన్‌లో ఒక మహిళా ఖైదీ చనిపోయింది. గుడ్లు, పావ్‌లు లెక్క తక్కువ వచ్చాయన్న గొడవలో సిబ్బంది ఆమెను కొట్టారన్నది కేసు, ఆరుగురు సిబ్బంది నిందితులయ్యారు. తోటి ఖైదీలు జైల్లో గొడవ చేసి నోరు విప్పకపోతే అది ఏ పట్టికలో చేరేదో ఊహించుకోవచ్చు. మహిళా జైళ్లలో ఇంకో సంగతి, ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితో ఉండవచ్చు. వాళ్ల పాలు, టీకాలు, ఆటలు ఎలా ఉండాలో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. అక్కడికి వెళ్లే బృందంలో ఆడవాళ్లు లేకపోతే అక్కడి ఖైదీలు సగం విషయాలు చెప్పనే చెప్పరు.

కొత్తగా ఒక మంచి అవకాశం వచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచుతున్నారని జర్నలిస్టు సుకన్యా శాంత రాసి, తర్వాత ఆమే వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ వివక్ష ఉందో లేదో చూడటానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు, బోర్డ్ ఆఫ్ విజిటర్స్ కలిసి క్రమం తప్పకుండా జైళ్లు తనిఖీ చేసి రిపోర్టులివ్వాలని అందులో ఉంది. ఆ తనిఖీకి వెళ్లినవాళ్లు పాకీ పని ఎవరితో చేయిస్తున్నారని అడిగాక, ఆస్పత్రి రిజిస్టర్ కూడా తెరవడానికి అడ్డేం లేదు. బోర్డే లేని చోట కలిసి తనిఖీ ఎవరు చేస్తారన్నది మాత్రం మళ్లీ మొదటి సమస్యే. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంపై భారత్ 1997లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. స్వతంత్ర తనిఖీ సంస్థను తప్పనిసరి చేసేది దాని అనుబంధ ఒప్పందం కాబట్టి, పైనుంచి ఒత్తిడి వస్తుందని ఎదురుచూడటం వల్ల ఉపయోగం లేదు.

జిల్లా స్థాయిలో చేయగలిగింది ఉంది. జైళ్ల శాఖ కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. మీ జిల్లా జైలుకో, పక్కనున్న సబ్‌జైలుకో పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు పెట్టండి. బోర్డ్ ఆఫ్ విజిటర్స్‌ను ఏ జీవో ద్వారా, ఏ తేదీన నియమించారు, నాన్ అఫీషియల్ సభ్యులు ఎవరు, గత రెండేళ్లలో బోర్డు ఏయే తేదీల్లో వచ్చింది, విజిటర్స్ బుక్‌లో రాసిన పేజీల కాపీలు, వాటిపై తీసుకున్న చర్య, డాక్టర్ పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, బయటి ఆస్పత్రికి రాసిన కేసులు ఎన్ని, ఎస్కార్ట్ లేక ఆగినవి ఎన్ని అని అడగండి. ఏ ఖైదీ పేరూ అడగక్కర్లేదు, కాబట్టి వ్యక్తిగత సమాచారమని తిరస్కరించడం కష్టం. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. బోర్డు లేదనే జవాబు వస్తే ఆ కాగితాన్ని 2017 తీర్పు కాపీతో కలిపి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ, హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకీ, మీ ఎమ్మెల్యేకూ పంపండి. ఆ బోర్డులో కూర్చోవాల్సినవాళ్లలో ఎమ్మెల్యేలు కూడా ఉన్నారు.